ఆవ దగ్గర పంక్చరు

కంచరపాలెం మెట్టు మీద వీధి దీపాలు ఇంకా ఆరలేదు.
హ్యాండిలుకి నీళ్ళ సీసా,
వెనక క్యారేజీకి అరటాకులో కట్టిన దిబ్బరొట్టె,
సంచిలో ఒక కొత్త ట్యూబు, రెండు ప్యాచీలు.
నలభై ఒకటో ఏట సైకిలు నేర్చుకున్నదాన్ని,
మోకాలి మీద మచ్చ ఇంకా లేతగానే ఉంది.

గాజువాక దాకా లారీల రాజ్యం.
ఓడల్లోంచి దిగిన బొగ్గు
రోడ్డంతా సన్నగా రాలి
నా చక్రాలకు కాటుక పెడుతుంది.
పోర్టులో వారమంతా నేను లెక్క రాసే బస్తాలు
ఆదివారం కూడా నన్ను గుర్తుపట్టి
హారను కొట్టుకుంటూ పోతుంటాయి.

లంకెలపాలెం దాటి పక్కదారి పట్టాకే
చైను చప్పుడు నా చెవిన పడింది.
ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు
సన్నగా, ఆగకుండా.
ఇంత దూరమూ అది ఎవరితో చెప్పుకుందో.

చెరుకు బళ్ళు. బెల్లం బట్టీల పొగ.
ఆ పొగలోంచి బయటికొచ్చేసరికి
పెదాలు నాకితే తియ్యగా ఉన్నాయి,
లేక అలా అనిపించిందేమో.

ఎత్తు వస్తే దిగి నడుస్తాను. సిగ్గేమీ లేదు.
తొక్కేవాళ్ళకు కొండ కొన కనిపిస్తుంది,
తోసుకెళ్ళే నాకు జీడితోటలో
ఎవరో ఆరేసిన ఎర్ర లంగా,
దాని కుచ్చెళ్ళలో దూరి
బయటికి దారి మరిచిన తూనీగ.

కల్లంలో చోళ్ళు చెరుగుతున్న ముసలమ్మ
చేట ఆపి అడిగింది:
"ఏటమ్మా, బస్సు దొరకనేదా?"
దొరికింది, వద్దనుకున్నానన్నాను.
"మరేటి పనిమీద ఎల్తన్నావు?"
పనేమీ లేదన్నాను.
నన్నూ, సైకిలునీ, మళ్ళీ నన్నూ చూసి
"పన్నేకుండా ఇంత దూరమా! అదురుస్టమంటే నీదేనే" అంది.
అది దీవెనో ఎత్తిపొడుపో
తర్వాత రెండు మైళ్ళు తొక్కినా తేలలేదు.

ఆవ.
మేం చెరువంటాం, వీళ్ళు ఆవ అంటారు.
నోరు తెరిస్తే గానీ పలకని మాట.
కొండకర్ల మలుపు తిరగ్గానే
మూడువైపులా కొండలు, మధ్యన అంత నీరు,
నేను నిజంగానే నోరు తెరిచాను.
సరిగ్గా అప్పుడే
వెనక చక్రం కూడా తెరిచింది.

తామరాకులు కోసుకొస్తున్న కొర్లయ్య
దోనె ఒడ్డుకు లాగి
నా సైకిలును తలకిందులుగా నిలబెట్టాడు.
ట్యూబు ఊడదీసి, గాలికొట్టి,
ఆకుల సందున నీటిలో ముంచి
మెల్లగా తిప్పాడు.
"అదుగో, ఊసులాడతంది."
చేపపిల్ల ఊపిరిలా బుడగలు.
ఒక చోట. ఇంకో చోట. మరో రెండు చోట్ల.
తుమ్మముల్లు ఒకటే,
అది ఎన్నిసార్లు తిరిగి తిరిగి గుచ్చిందో!

కొత్త ట్యూబు ఎక్కించాక డబ్బులివ్వబోతే
తల అడ్డంగా ఊపాడు.
"ఆ పాతది ఇచ్చెయ్యి సాలు."

రెండు తాటిమొద్దులు తొలిచి
పక్కపక్కన కట్టిన దోనె అది.
కట్టుతాడు కుళ్ళిపోయి ఉంది.
నా ట్యూబును కత్తితో నిలువునా చీల్చి
కాలితో తన్నిపట్టి బిగించాడు.
ఎన్ని ఎత్తుల దగ్గర నేను ఆయాసపడుతూ
గాలి నింపిన రబ్బరు అది!
"ఎక్కు, ఎలగుందో సూద్దాం" అన్నాడు.
ఈత రాదన్నాను.
"దోనెకొచ్చు" అన్నాడు.

పొద్దున్నుంచీ మొదటిసారి
నా కాళ్ళకు పని లేదు.
ఒడ్డున నా సైకిలు, నీళ్ళలో కొండలు,
రెండూ తలకిందులుగానే.
ఎవరో కొండల్ని కూడా
ఆవలో ముంచి, తిప్పి చూస్తున్నారు,
ఎక్కడ చిల్లుపడిందోనని.
నీటిబాతులు లేచాక
ఆ బొమ్మ చెదిరి, చాలాసేపు కుదురుకోలేదు.

దిబ్బరొట్టె సగం ఆయనకిచ్చాను.
ఉప్పు తక్కువైందన్నాడు. నిజమే.

వెళ్ళేటప్పుడు లేని ఎదురుగాలి
వచ్చేటప్పుడు కూర్మన్నపాలెం దాకా.

సోమవారం. షెడ్డులో ఎరువు బస్తాలు.
ఐదువందలు, ఐదువందల ఒకటి.
ఏ పద్దులోనూ రాయని ముడి ఒకటి
అక్కడ నీళ్ళ మీద బిగిసే ఉండాలి ఈపాటికి.

కలం కోసం సంచిలో చెయ్యి పెట్టాను.
ముల్లు గుచ్చుకుంది.